ఖాళీ గళ్ళ పటం

బాలలూ, ఒకరు కథ నడుపుతూంటే తక్కినవారు వీరులై, పాచికలు వేస్తూ సాగే ఆట ఒకటున్నది: "డంజియన్స్ అండ్ డ్రాగన్స్". 1974లో అమెరికాలో వెలువడింది. ఆ ఆటకు కావలసిన ఊళ్ళూ, అడవులూ వేరేవాళ్ళు కూడా అచ్చువేసి అమ్మారు. అందులో తొలినాటి వారిలో ఒకరు ఇల్లినాయ్ రాష్ట్రపు జడ్జెస్ గిల్డ్ వారు. ఆ పాత పుస్తకాలు సేకరించడం నాకు సరదా.

1977 నాటి వారి "వైల్డర్‌ల్యాండ్స్" పటాలు చూడాలి! కథ నడిపేవాడి పటంలో ఊళ్ళన్నీ వుంటాయి. ఆడేవారి పటంలో మాత్రం చాలా గళ్ళు ఖాళీ. తిరిగి చూసిన మేరకే నింపుకోవాలి. భూగోళం చెప్పటానికి ఇంతకన్న మంచి ఉపాయం నా ఉద్యోగకాలంలో దొరకలేదు.

నా ప్రతిలో ఎవరో పెన్సిలుతో నది వెంట పదకొండు గళ్ళు నింపి ఆగిపోయారు. గీతలున్న ప్రతికి ధర తగ్గుతుంది, తుడిచేయమన్నాడొక మిత్రుడు. నేను తుడవలేదు. మా మనుమరాలు పన్నెండో గడి నుంచి అందుకున్నది. ప్రస్తుతం పదిహేడో గడిలో ఊబి అడ్డమొచ్చి, పాచిక కలిసిరాక, అక్కడే మకాం వేసింది.