నాలుగింటికే పొద్దుగూకే ఊరు

హార్బిన్ ప్రయాణం అనగానే అందరూ ముందు చలి గురించే ఆరా తీస్తారు. తీయాల్సిందే. జనవరిలో అక్కడి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రుళ్ళు అంతకన్నా బాగా కిందికి దిగుతుంది. అయితే చలికి బట్టలున్నాయి, పొట్టి పగటికి మాత్రం ఏ మందూ లేదు. చైనా అంతటికీ బీజింగ్ సమయమే. హార్బిన్ ఏమో ఆ దేశపు ఈశాన్య కొసన ఉంది. జనవరి మొదట్లో ఏడు దాటితే గాని తెల్లవారదు, సాయంత్రం నాలుగింటికల్లా పొద్దుగూకుతుంది. వచ్చినవాళ్ళలో చాలామంది రాత్రి మంచుకోటల దీపాలు చూసి, అలిసిపోయి, మర్నాడు బారెడు పొద్దెక్కాక లేస్తారు. దాంతో సగం హార్బిన్ వాళ్ళ కంటబడకుండానే పోతుంది. పోయేది మంచి సగం.

ఆ సగాన్ని కట్టింది రైలు. సైబీరియా మీదుగా వ్లాదివొస్తోక్ చేరడానికి మంచూరియా గుండా అడ్డదారి వేసుకునే హక్కును జార్ ప్రభుత్వం 1896లో చైనా నుంచి సంపాదించింది. ఆ దారి సోంగ్హువా నదిని దాటే చోట 1898లో రైల్వేవాళ్ళు మకాం పెట్టారు. వాళ్ళ వెంట పోలిష్‌వాళ్ళు, యూదులు, తాతార్లు, అర్మేనియన్లు వచ్చారు. 1917 విప్లవం తర్వాత దేశం విడిచిపెట్టినవాళ్ళూ తోడయ్యారు. 1920లలో అక్కడి రష్యన్ల సంఖ్య లక్ష దాటిందంటారు. వాళ్ళకు సొంత బడులుండేవి, పత్రికలుండేవి, ఆర్కెస్ట్రా ఉండేది.

ఝోంగ్‌యాంగ్ వీధిలో నడిస్తే ఆ కాలం చాలావరకు పైకే కనిపిస్తుంది. సుమారు 1,450 మీటర్ల పొడవున్న ఈ వీధికి 1924లో పరిచిన రాళ్ళే నేటికీ ఉన్నాయి. మధ్యలో ఉన్న మోడర్న్ హోటల్‌ను కట్టినవాడు జోసెఫ్ కాస్పే అనే యూదు వ్యాపారి. పియానో కళాకారుడైన ఆయన కొడుకు సెమ్యోన్‌ను 1933లో దుండగులు ఎత్తుకెళ్ళి చంపేశారు. ఇప్పుడు ఆ హోటల్ ముందు మైనస్ 20 డిగ్రీల్లో జనం పుల్ల ఐస్‌క్రీమ్ కోసం వరుస కడుతున్నారు. ఐస్‌క్రీమ్ తినాల్సిందే. తింటూ ఒకసారి తలెత్తి ఆ మేడ వంక చూడమని మాత్రం కోరాలనిపిస్తుంది.

సెయింట్ సోఫియా చర్చి ముందు అద్దెకు తెచ్చుకున్న రష్యన్ రాకుమారి దుస్తుల్లో అమ్మాయిలు ఫొటోలు దిగుతుంటారు. 1923లో మొదలుపెట్టి 1932లో పూర్తిచేసిన కట్టడమది. సాంస్కృతిక విప్లవ కాలంలో గోదాముగా వాడబట్టి గోడలు నిలిచాయి. ఊరికి నడిబొడ్డున ఉండిన సెయింట్ నికొలస్ చర్చికి ఆ అదృష్టం దక్కలేదు. 1966లో రెడ్ గార్డులు దాన్ని నేలమట్టం చేశారు. 1997లో సోఫియాకు మరమ్మతులు చేసి మ్యూజియంగా మార్చారు.

ఇన్ని గుమ్మటాలు, ఇన్ని బేకరీలు మిగిలాయి గదా, ఆ మనుషులేమయ్యారు? 1935లో సోవియట్ ప్రభుత్వం ఆ రైల్వేను జపాన్ చేతికింద ఉన్న మంచుకువో రాజ్యానికి అమ్మేసింది. వేలాది రైల్వే కుటుంబాలు సొంతగడ్డకు తిరిగి వెళ్ళాయి. 1937 సెప్టెంబరులో సోవియట్ రహస్య పోలీసులు వాళ్ళను జపాన్ గూఢచారులుగా లెక్కగడుతూ ఒక ఉత్తర్వు జారీచేశారు. ఆ ఉత్తర్వు కింద కాల్చి చంపినవాళ్ళు 30 వేలకు పైనే. హార్బిన్‌లో ఆగిపోయినవాళ్ళలో చాలామంది 1950లలో ఆస్ట్రేలియాకో, బ్రెజిల్‌కో తరలిపోయారు. ఊరి శివార్లలోని హ్వాంగ్‌షాన్ యూదు శ్మశానంలో ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన ఎహుద్ ఓల్మెర్ట్ తాత సమాధి కూడా ఉంది. ఇది తెలిశాక వీధిలో అమ్మే గుండ్రటి రష్యన్ రొట్టె వట్టి తిండి వస్తువుగా కనబడదు. ఒక పూట శ్మశానానికి, ఇంకో పూట యూదుల చరిత్ర మ్యూజియంగా మారిన సినగాగ్‌కు కేటాయించుకోవడం మంచిది.

మరో పగలు దావోవై పేటకు ఇవ్వాలి. రైల్వే ఊరికి పక్కనే చైనా కార్మికులు కట్టుకున్న బస్తీ ఇది. అప్పట్లో ఫూజియాదియాన్ అనేవారు. 1910-11 చలికాలంలో న్యుమోనియా ప్లేగు దీన్ని అతలాకుతలం చేసింది. పెనాంగ్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివిన డాక్టర్ వూ లియెన్-తే వచ్చి, జబ్బు ఊపిరి ద్వారా పాకుతోందని గుర్తించి, దూది పెట్టిన గుడ్డ మాస్కులు కట్టించాడు. మాట వినని ఫ్రెంచి డాక్టరు మెనీ మాస్కు లేకుండా రోగుల దగ్గరకు వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి వీల్లేక రెండు వేలకు మించిన శవాలు బయటే ఉండిపోయాయి. శవదహనం అప్పటి చైనా ఆచారానికి విరుద్ధం. చక్రవర్తి ప్రభుత్వ అనుమతి తెచ్చుకుని మరీ వూ వాటిని దహనం చేయించాడు. మంచూరియాలో ఆ ప్లేగుకు సుమారు 60 వేల మంది బలయ్యారు. 2020లో మాస్కు కట్టుకున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గ మనిషి ఆయన.

చీకటి పడ్డాక మంచు. డిసెంబరులో సోంగ్హువా నది గడ్డకట్టగానే దిమ్మెలుగా కోసి తెచ్చి, ఆ మంచుతోనే కోటలూ గోపురాలూ లేపుతారు. మంచు దీపాల ప్రదర్శన 1963లో మొదలైంది; ఏటా జనవరి 5న ఆరంభమయ్యే ఉత్సవం 1985 నాటిది. 2023-24లో ‘మంచు ప్రపంచం’ అనే ప్రదర్శన స్థలం ఎనిమిది లక్షల చదరపు మీటర్లకు పైగా పరుచుకుని గిన్నిస్ రికార్డుకెక్కింది. ఫిబ్రవరి చివరికి ఎండ తగిలి కరుగుతుంది. జనవరి రెండో వారం మేలు. చైనా కొత్త సంవత్సరపు సెలవుల్లో మాత్రం వెళ్ళకూడదు.

బట్టల విషయంలో తప్పంతా ఒకే మందపాటి కోటు మీద ఆధారపడడంలో ఉంది. అక్టోబరు 20 నుంచి ఏప్రిల్ 20 దాకా ఊరంతటికీ గొట్టాల ద్వారా వేడి అందుతుంది. అంగట్లోకి అడుగుపెడితే చెమట పడుతుంది. ఉల్లిపాయలా పొరలు పొరలుగా తొడుక్కుని, లోపలికి వెళ్ళగానే విప్పుకోవాలి. ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు. చెమటకు తడిసి బయట చల్లబడుతుంది. చలికి ఫోన్ బ్యాటరీ చప్పున చచ్చిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోవాలి. ఫోన్‌లో చెల్లింపులకు వాడే అలీపేకు బయల్దేరకముందే బ్యాంకు కార్డు జతచేసుకోవాలి.

శాకాహారులు దీసాన్‌షియాన్ అడగాలి: వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం నూనెలో వేయించి చేసే కూర. మాంసం రసం కలపవద్దని ముందే చెప్పాలి.

భారతీయులకు పర్యాటక వీసా అవసరం. బీజింగ్ నుంచి విమానం ఉన్నా, సుమారు ఐదు గంటల వేగ రైలు మేలు. టికెట్టు కొనేటప్పుడు హార్బిన్ వెస్ట్ కాకుండా పాత హార్బిన్ స్టేషన్‌కు పోయే బండి చూసుకోవాలి. కొరియా స్వాతంత్ర్య యోధుడు ఆన్ జుంగ్-గన్ 1909 అక్టోబరు 26న జపాన్ నేత ఇతో హిరోబుమిని కాల్చింది ఆ ప్లాట్‌ఫారం మీదే. 2014లో తెరిచిన ఆన్ స్మారక మందిరం స్టేషన్‌లోనే ఉంది. పొద్దున్నే బయల్దేరే బండి ఎక్కితే ఆ మందిరాన్ని చూసి, బస చేరి, పగటి వెలుతురు ఉండగానే చర్చి దాకా నడిచి రావచ్చు.