తీజ్ మొలకలు ఈసారి ఎవరెవరికి ఇచ్చినామంటే

పోస్టు కొంచెం పొడుగే. బస్సులో నిలబడి ఉన్నోళ్లు దిగినాక చదువుకోండి.

మేము నలుగురం. కోడుమూరు నుంచి లోపలికి పోయే దారిలో ఒక సుగాలి తాండా మాది. కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాము. తాండా పేరు, మా పేర్లు రాయడం లేదు. ఇందులో మా ఇండ్ల సంగతులు ఉన్నాయి, వేరేవాళ్ల ఇండ్ల సంగతులు కూడా ఉన్నాయి.

పోయిన ఫిబ్రవరి 14న హాస్టల్ గేటు కాడ రోజాపూల రేటు విని మాకు నోట మాట రాలేదు. ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఒక్క పువ్వు నలభై రూపాయలు. కోడుమూరు బస్టాండు కాడ ఆ దుడ్లకు రెండు మూర్ల కనకాంబరాలు వస్తాయి. రూములో ఒకామె అడిగింది, "మీ తాండాల్లో ఎవరి మీదన్నా ప్రేముంటే ఏమిస్తారే?" అని. మాలో ఒకతె ఆలోచించకుండా "గోధుమ నారు" అనేసింది. రూమంతా నవ్వు. మేమూ నవ్వినాము. మరుసటి రోజు 15, సేవాలాల్ జయంతి. 1739లో ఆయన పుట్టిన చోటని మనవాళ్లు చెప్పుకునే సేవాగఢ్‌కు, అదే గుత్తి దగ్గరుండేదానికి, తాండావాళ్లతో మేమూ పోయినాము. దారిలో మళ్లా అదే మాట వచ్చింది. నవ్వితే నవ్వినాము గానీ ఆమె చెప్పింది నిజమే గదా. మేము ఇచ్చేది గోధుమ నారే.

తీజ్ అంటే తెలియని చెంచు, ఎరుకల, యానాది స్నేహితుల కోసం చెప్తాము. తెలిసినోళ్లు ఈ ముక్క దాటేయండి. శ్రావణంలో తొమ్మిది దినాలు చేస్తాము. పెళ్లికాని ఆడపిల్లల పండుగ. ముందు తాండా నాయక్‌ను అడగాల. ఆయన సరే అంటే గోధుమలు నానేసి, పుట్టమన్నూ మేకల ఎరువూ కలిపి బుట్టల్లో నింపి, అందులో చల్లుతాము. బుట్టలన్నీ నాయక్ ఇంటి ముందర మంచె మీద పెడతాము. మూడు పూటలా నీళ్లు పోయాల, పోసినప్పుడల్లా పాట పాడాల. ఆ దినాల్లో మాకు ఉప్పూకారం లేని తిండి. నడుమ ఢమోళి అని ఒక దినం రొట్టెలు నలిపి బెల్లం కలిపి చుర్మా చేసి మేరమ్మకు పెడతాము. తాండాను బట్టి దినాలూ పద్ధతులూ కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

బోరడి ఝష్కేరో సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేము. రేగుకంప ముండ్లకు నానిన శనగలు గుచ్చాల. మేము గుచ్చుతా ఉంటే బావ వరుసైనోళ్లు కంప పట్టుకొని ఊపుతా ఉంటారు. ముల్లు శనగలో కాకుండా వేల్లో దిగుతాది. ఏడిస్తే ఇంకా ఊపుతారు. హాస్టల్లో మా రూమ్మేట్లు ఇదే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే పోయినాము, అక్కడా నానిన శనగలే, వాయనంగా చేతిలో పోసినారు. మా చేతుల మీద ముల్లు గీతలు చూసి వాళ్లకు అర్థం కాలేదు, చెప్పడానికి చాలాసేపు పట్టింది.

తొమ్మిదో దినం మంచె దించుతారు. అప్పటికి నారు జానెడు పైన ఉంటాది. నీడకు పెరిగింది కాబట్టి ఆకుపచ్చ కంటే పసుపే ఎక్కువ. పిల్లలంతా బుట్టల చుట్టూ కూర్చొని ఏడుస్తారు. ఉత్తుత్త ఏడుపుగా మొదలై నిజం ఏడుపు అవుతాది. తర్వాత పిడికెడు పిడికెడు పీకి ముందు నాయక్ తలపాగాలో, తర్వాత పెద్దోళ్లకు, అన్నదమ్ములకు పెడతాము. తలపాగాలు ఇప్పుడు ఎవరికున్నాయి, టువ్వాలలో, చొక్కా జేబులో, చెవి మీద, యాడ నిలబడితే ఆడ. మిగిలింది నీళ్లలో కలుపుతాము. హంద్రీలో నీళ్లుంటే హంద్రీలో, లేకపోతే బోరు కాడ తొట్టిలో. ఈ హంద్రీనే కర్నూలు కాడ తుంగభద్రలో కలిసేది, హాస్టల్‌కు పోయే దారిలో దాటుతాము, చానా నెలలు అది ఇసుకా మురుగే.

ఒక సంగతి మాకు చిన్నప్పటి నుంచి అర్థం కాదు. కోడుమూరు చుట్టూ గోధుమ పండదు. వేరుశనగ, పత్తి, ఆముదం, కంది, జొన్న, కొర్ర, ఇవీ మా చేన్లు. మరి గోధుమే ఎందుకు? మావాళ్లు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటా ఉత్తరం నుంచి దక్కనుకు దిగినోళ్లు కదా, ఆ దేశం గింజ ఇదొక్కటే మిగిలిందేమో అని మా లెక్క. అవ్వను అడిగితే, "జొన్న తింటాము, గోధుమ ఇస్తాము. ఇచ్చేది మన ఇంట్లో లేనిదై ఉండాల" అంది. ఈసారి అంగట్లో కిలో గోధుమలు తెస్తే పాతవి, సగం కూడా మొలకెత్తలేదు. మూడో దినం మళ్లా పోయి వేరే అంగట్లో తెచ్చి చల్లినాము.

వేరే తెగల వాళ్లు కూడా ఇదే పని చేస్తారని ఈ గ్రూపులోకి వచ్చినాకే తెలుసుకున్నాము. ఝార్ఖండ్‌లో ఓరాన్, ముండా ఆడపిల్లలు కరమ్ పండుగకు బుట్టలో ఇసుక పోసి మొలకలు పెంచుతారు, దాన్ని జావా అంటారు, పండుగ నాడు అన్నదమ్ములకు ఇస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో భోజలీ అని ఉంది. అదీ శ్రావణంలోనే, అదీ గోధుమ నారే. వాళ్లలో ఇద్దరు ఆ నారును ఒకరి చెవి మీద ఒకరు పెట్టుకుంటే జీవితమంతా స్నేహితులు. అప్పటి నుంచి పేరు పెట్టి పిలుచుకోరు, "భోజలీ" అనే పిలుచుకుంటారు. ఇది తెలిసినాక మేము నలుగురం కూడా పెట్టుకున్నాము. మా యాడీలకు చెప్పలేదు.

పూలు మాకు ఇష్టం లేక కాదు. కర్నూలు పోయే ముందు యాడి మూర మల్లెపూలు కొని జడలో పెడితే వద్దంటామా? అయితే పూలకు లెక్కలుంటాయి. వ్రతం నాడు చూసినాము, మా వార్డులో వంట చేసే ఒకమ్మ గుమ్మం బయటే నిలబడింది. మొగుడు పోయినామె. పసుపు కుంకుమ, పూలు అందరికీ ఇచ్చుకుంటా వచ్చి ఆమె కాడికి వచ్చేసరికి పళ్లెం తిరిగిపోయింది. ఎవరూ తప్పు చేసినట్టు అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. తాండాలో మా అవ్వ కూడా మొగుడు పోయినామే. తొమ్మిదో దినం ఆమె తలలో మొలకలు పెట్టని పిల్ల లేదు. మొగోళ్లకు పెడతాము, ముసిలోళ్లకు పెడతాము, మంచం దిగలేనోళ్ల దిండు కింద పెట్టి వస్తాము. తీసుకోవడానికి అడ్డం లేదు.

ఇచ్చేదానికే అడ్డం. పెళ్లయితే బుట్ట ముట్టకూడదు.

అసలు సంగతికి వస్తాము. పోయినేడు మా మంచె మీద పదకొండు బుట్టలు, ఈసారి ఏడు. ఒకామె బీఈడీ కోసం దూరం పోయింది, బాగానే ఉంది. ఇద్దరు యాడీబాపులతో సుగ్గికి పోయి చదువు మానేసినోళ్లు, పండుగ మీద మనసు లేదు అన్నారు. సుగ్గి అంటే వేరే జిల్లాల వాళ్లకు తెలియదేమో, పంటకాలంలో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి వలస పోవడం. నాలుగో ఆమెకు వేసవిలో పెళ్లి చేసినారు. పదిహేడేళ్లు. ఆధార్‌లో పంతొమ్మిది. 2006 చట్టం ఉంది, 1098 నంబరు ఉంది, ఆ నంబరు మా హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పెళ్లి దినం మేము నలుగురం పందిట్లో అన్నం వడ్డించినాము. దీనికి మా కాడ జవాబు లేదు.

తొమ్మిదో దినం ఆమె పుట్టింటికి వచ్చింది. మంచె కాడ నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఎవరూ ముట్టొద్దని చెప్పలేదు, తనే కట్టుకుంది. ఆమె తమ్ముడికి ఎనిమిదేళ్లు. అందరు అక్కలూ తమ్ముళ్లకు పెడుతున్నారు, వాడికి పెట్టేవాళ్లు లేరు. మేము పోయి వాడి చెవి మీద పెట్టినాము. వాడు తీసి చేతిలో పట్టుకొని, "మీవి గాదు, మా అక్కవి కావాల" అని ఒకటే పట్టు. ఎంత చెప్పినా వినలేదు. ఆఖరికి ఆ నారే తీసుకుపోయి అక్క చేతిలో పెట్టి, ఆమె ముందర తల వంచుకొని నిలబడినాడు. ఆమె అత్త వైపు చూసింది, నాయక్ వైపు చూసింది. పెట్టింది. డప్పు కొట్టేవాళ్లు ఆగలేదు, పెద్దోళ్లు చూడనట్టు ఉన్నారు. తాండాలో చూడనట్టు ఉండడం కూడా ఒక ఒప్పుకోలే.

ఇదంతా మా పక్కనే నిలబడి ఇంకొక పిల్ల చూస్తా ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం. ఏడు బుట్టల్లో ఒకటి తనది. వాళ్ల నాయన సుగ్గిలో తెలిసినోళ్ల ద్వారా సంబంధం మాట్లాడుకుంటున్నాడని తాండా అంతా తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఆయనను తిట్టడానికి రాయడం లేదు. మూడేళ్లుగా చేను పండలేదు, అప్పుంది, ఆడపిల్లను ఒంటరిగా తాండాలో వదిలి వలస పోవాలంటే ఏ నాయనకైనా భయమే. సుగ్గికి వెంట తీసుకుపోతే చదువు పోతాది, వదిలిపోతే నిద్ర పోతాది, పెళ్లి చేస్తే రెండూ తీరిపోతాయని ఆయన లెక్క.

నారు ఎంత పొడుగు పెరిగితే అంత మంచి మొగుడు వస్తాడని మావాళ్లలో ఒక మాట ఉంది. మాకు ఆ మాట నచ్చదు. ఈసారి ఆ పిల్ల బుట్టే అందరికంటే పొడుగు. ఆడవాళ్లంతా అదే అంటా ఉంటే మా అవ్వ అడ్డం పడి, "నారు పొడుగు నీళ్లు పోసినోళ్ల చేతిలో ఉంటాది. మొగుడి సంగతి గోధుమగింజకు ఏం తెలుస్తాది?" అనింది. నవ్వినారు.

అన్నలకూ నాయక్‌కూ పెట్టడం అయిపోయినాక ఆ పిల్ల నాయన కాడికి పోయింది. ఆయన వేపచెట్టు కింద కూర్చొని ఉన్నాడు. టువ్వాల తల మీద చుట్టుకొని ఉన్నాడు. ఆమె అందులో నారు దోపి అక్కడే నిలబడింది. మామూలుగా పెట్టి వచ్చేస్తాము, నిలబడము. ఆయన "ఏమి?" అన్నాడు. "డిగ్రీ అయ్యేదాక నేను తీజ్ వేస్తా నాయనా" అంది. అంతే. పెళ్లి వద్దు అనలేదు, చదువు మాటే ఎత్తలేదు. తీజ్ వేస్తా అంటే పెళ్లి కాకుండా ఉంటా అని తాండాలో ప్రతి ఒక్కరికీ అర్థమవుతాది. ఆమె ముందుగా అనుకొని అన్నదో, ఆ పిల్లోణ్ణి చూసి అప్పటికప్పుడు అన్నదో మేము అడగలేదు.

ఆయన ఏమీ మాట్లాడలేదు. బీడీ తీసినాడు, ముట్టించలేదు. నీళ్లలో కలపడానికి పోయేటప్పుడు మగోళ్లు చానామంది తలలో నారు తీసి బుట్టలో వేసేస్తారు, ఆయన తీయలేదు. రాత్రి అన్నం కాడ కూడా అది టువ్వాలలోనే ఉందంట, వాడి వేలాడతా. ఆ పిల్ల యాడి చెప్పింది.

మేము హాస్టల్‌కు వచ్చేసినాము. మేము వచ్చేటప్పుడు ఒక్కొక్క పిడికెడు నారు తడిబట్టలో చుట్టి తెచ్చుకున్నాము. వంట చేసే అమ్మకు ఇచ్చినాము. "ఇది ఏం కూరమ్మా?" అని అడిగింది. కూర కాదు, తలలో పెట్టుకోమన్నాము. నాకెందుకమ్మా అని వెనక్కి జరిగింది. పూలు కాదు, గడ్డే కదా అంటే కొప్పులో పెట్టించుకుంది. ఆ దినమంతా పెద్ద గంట పట్టుకొని అట్లనే వడ్డించింది. ఫిబ్రవరిలో నవ్విన రూమ్మేటుకు కూడా ఇచ్చినాము, ఆమె పుస్తకంలో పెట్టుకుంది, అక్కడే ఎండింది.

మొన్న దసరా సెలవులకు పోయినాము. ఇంటర్ పరీక్ష ఫీజు కట్టడానికి దుడ్లు పక్కన పెట్టినాడంట ఆ నాయన. సంబంధం వాళ్లు రెండుసార్లు ఫోన్ చేస్తే, సుగ్గి నుంచి వచ్చినాక చూద్దాము అన్నాడంట. వద్దని చెప్పలేదు. డిసెంబరులో వాళ్లు గుంటూరు వైపు పోతారు, ఏప్రిల్‌కు తిరిగొస్తారు. ఆ నాలుగు నెలలు ఆ పిల్ల మా అవ్వ కాడ పడుకుంటాది, అవ్వే పోయి అడిగింది.

మీ తాండాల్లో, గూడేల్లో, పెంటల్లో మొలకలు గానీ పూలు గానీ ఎవరికి ఎవరు ఇస్తారో, ఎవరు ఇవ్వకూడదో రాయండి. పెళ్లయినోళ్లు కూడా తీజ్ బుట్ట ముట్టే తాండా ఎక్కడన్నా ఉంటే తప్పకుండా చెప్పండి, మా నాయక్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తాది. ఇంకొకటి, వచ్చే శ్రావణానికి గోధుమలు కొనేటప్పుడు ఒక గుప్పెడు ముందే నానేసి చూసుకోండి.