ఆకలిని అణచే మందు – ఒక చిన్న ఊరు

డెన్మార్కు వెళ్లినవారు సాధారణంగా కోపెన్‌హాగెన్‌లో జలకన్య బొమ్మ దగ్గర ఫోటో దిగి తిరిగివస్తారు. 2025 అక్టోబరులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు నేను కాలుండ్‌బోర్ చూడాలని పట్టుబట్టాను. "అక్కడ ఫ్యాక్టరీలు తప్ప ఏముంది నాన్నా?" అంది. కోలారు బంగారు గనుల్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఒకే పెద్ద కంపెనీ నీడన బతికే ఊరంటే నాకు కుతూహలం.

రోస్కిల్డె, హోల్బెక్ మీదుగా రైల్లో రెండు గంటల లోపు ప్రయాణం. ఊరి జనాభా సుమారు 17 వేలు. అయిదు గోపురాల పాత చర్చి దూరం నుంచే కనిపిస్తుంది. 1827లో నడిమి గోపురం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టుకున్నారు. నోబెల్ బహుమతి పొందిన రచయిత్రి సిగ్రిడ్ ఉన్‌సెట్ 1882లో పుట్టింది ఇక్కడే. రేవులో సామ్సో దీవికి వెళ్లే ఓడ నిలిచి ఉంది. అవతల నోవో నార్డిస్క్ వారి కర్మాగారం ఇంకో ఊరంత ఉంది.

ఈ కంపెనీ పుట్టుక ఒక ఇల్లాలి జబ్బుతో మొదలయింది. 1920లో నోబెల్ పొందిన ఆగస్ట్ క్రోగ్ భార్య మేరీకి చక్కెర వ్యాధి. 1922లో అమెరికా వెళ్లిన ఆ దంపతులకు టొరంటోలో కనిపెట్టిన ఇన్సులిన్ సంగతి తెలిసింది. దాన్ని తయారుచేసే అనుమతి తెచ్చుకోగా, 1923లో కంపెనీ ఏర్పడింది. నేటి నోవో నార్డిస్క్ 1989లో రెండు కంపెనీల కలయిక.

చక్కెర వ్యాధికి చేసిన సెమాగ్లుటైడ్ సూది మందు 2017లో ఓజెంపిక్ పేరుతో, 2021లో బరువు తగ్గేందుకు వెగోవీ పేరుతో అమెరికాలో అనుమతి పొందింది. తిన్నాక పేగుల్లో ఊరే ఒక హార్మోనును అనుకరించి ఇది ఆకలిని తగ్గిస్తుంది. గిరాకీ ఎంత పెరిగిందంటే 2023 సెప్టెంబరులో యూరప్ మొత్తంలో అత్యంత విలువైన కంపెనీ ఇదే అయింది. ఆ నవంబరులో ఈ చిన్న ఊళ్లో 4,200 కోట్ల క్రోనర్లకు పైగా పెట్టుబడి ప్రకటించింది.

ఆకలి తగ్గితే వ్యాపారాలూ మారతాయి కదా! నెస్లే 2024లో ఈ మందు వాడేవారి కోసమే చిన్న పరిమాణంలో, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే భోజనాలు అమెరికాలో తెచ్చింది. 1963 నుంచి పథ్యం నేర్పుతున్న వెయిట్ వాచర్స్ 2025 మేలో దివాలా రక్షణ కోరింది.

తీరా మందు చేసినవారికీ తిప్పలు తప్పలేదు. ఇలై లిల్లీ పోటీ, అమెరికాలో చవక నకళ్లు కలిసి దెబ్బ తీశాయి. నేను వెళ్లడానికి నెల ముందే 9,000 ఉద్యోగాలు తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. అందులో సుమారు 5,000 డెన్మార్కులోనివే. వీధిలో అంతా మామూలుగానే కనిపించింది గాని, కాఫీ హోటల్లో పక్క బల్లవారి మాటలు మా అమ్మాయి చెవిన పడ్డాయి. "ఎవరెవరి పేర్లున్నాయోనని మాట్లాడుకుంటున్నారు" అని చెప్పింది. గనులు మూతపడే రోజుల్లో మా ఊరి టీ కొట్లలోనూ అదే మాట.

మన దేశానికి లిల్లీ వారి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. ఇక్కడ సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వంటివారు ముందునుంచే సొంత తయారీకి సిద్ధపడ్డారు. చవకవుతుంది కదా అని పెళ్లిళ్లకు ముందు సన్నబడటానికి వాడే మందు మాత్రం కాదిది. ఆపితే పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందని పరిశోధనల్లో తేలింది. డాక్టరు చెప్పనిదే ముట్టరాదు.

కాలుండ్‌బోర్‌లో నాకు నచ్చింది వేరే ఉంది. 1970ల నుంచి అక్కడి కర్మాగారాలు ఒకరి ఆవిరిని, నీటిని, వ్యర్థాలను మరొకరు వాడుకుంటున్నాయి. ఇన్సులిన్ తయారీలో మిగిలిన ఈస్టు పందుల దాణా అయింది. కోలారులో మాకు మిగిలింది సైనైడు దిబ్బలే. గనులు 2001లో మూతపడ్డాక మా పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పనులకు వెళ్తున్నారు. కాలుండ్‌బోర్‌కు పొద్దున్నే రైల్లో ఉద్యోగులు వచ్చి దిగుతున్నారు. ఆ రైలు ఎప్పటికీ అలాగే నిండుగా రావాలని మనసారా కోరుకున్నాను.