ఒక్క చుక్క ఖరీదు

మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగం 2015లో. సైబర్ టవర్స్ దగ్గర బస్సు దిగి, టీ తాగి, ఏసీ రూములో కూర్చుని జనానికి ఎస్సెమ్మెస్‌లు పంపడం నా పని. పండగపూట 'భారీ తగ్గింపు' అని మెసేజ్ వస్తే విసుక్కున్నారా? అది పంపింది నేనే అయ్యుండొచ్చు. సారీ.

ఆ దసరాకి ఇంగ్లిష్‌లో ఒక ఆఫర్ మెసేజ్ రెడీ చేశాను. 152 అక్షరాలు. మరీ బోసిగా ఉందనిపించి, ఎక్కడినుంచో కాపీ చేసి చివర ఒక ★ తగిలించాను. మధ్యాహ్నానికి మా లీడ్ నా సీటు దగ్గరికొచ్చారు.

"ఈ స్టార్ ఎవరు పెట్టారు? ఒక్కో మెసేజ్‌కి మూడు మెసేజ్‌ల బిల్లు పడుతోంది."

ఒక్క గుర్తుకి మూడింతలా! ఆయన తిట్టడం అయ్యాక వైట్‌బోర్డు మీద లెక్క వేసి చూపించారు. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరాలకి, అంకెలకి తలా 7 బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. ఆ చిన్న పట్టికలో * ఉంది, ★ లేదు. పట్టికలో లేని గుర్తు ఒక్కటి దూరినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి మారిపోతుంది. అప్పుడు ప్రతి అక్షరానికీ 16 బిట్లు, పట్టేది 70 మాత్రమే. అది దాటితే ముక్కలవుతుంది. ఫోన్‌లో ఆ ముక్కల్ని మళ్లీ అతికించే వివరాలకి కొంత చోటు పోయి, ముక్కకి 67 మిగులుతాయి. నా 152, స్టార్‌తో 153. మూడు ముక్కలు! (ఎస్సెమ్మెస్‌ల లెక్క ఇప్పటికీ ఇదే.)

"అంతగా కావాలంటే * పెట్టుకో, రేటు మారదు" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "తెలుగులో పంపినా ఇదే బాధ" అని ఒక మాట అనేసి పోయారు.

ఆ మాట బుర్రలోంచి పోలేదు. సాయంత్రం యూనికోడ్ పట్టిక తెరిచాను. ★ నంబరు 2605. మన 'అ' నంబరు 0సి05. వెబ్‌పేజీల్లో వాడే యూటీఎఫ్-8లో రెండూ మూడేసి బైట్లే. చివరి బైటు కూడా రెండింటికీ ఒకటే, 85! కాకతాళీయమే, కానీ ముచ్చటేసింది. 'అమ్మ' మన కంటికి రెండక్షరాలు, మెషీన్‌కి నాలుగు: అ, మ, పొల్లు, మ.

అక్కడ ఆగిపోయాను.

మా అమ్మ ఉండేది జనగామ దగ్గర ఊళ్లో. పేపర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది, ఇంగ్లిష్ మాత్రం రాదు. నైట్ షిఫ్టుల్లో ఫోన్ కుదరక నేను మెసేజ్‌లు పంపేవాణ్ని, తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో. తెలుగులో పంపితే ప్యాక్ తొందరగా అయిపోతుందని. పైగా అమ్మ బటన్ ఫోన్‌లో డబ్బాలొస్తాయని. వస్తాయో రావో ఒక్కసారీ చూడలేదు, టెస్టింగ్ నా పనిలో భాగమే అయినా. పక్కింటి పిల్లాడు బడి నుంచి వచ్చి చదివి వినిపించేవాడు. వాడు ఆటకి పోతే నా కబురు మర్నాటికే. ముక్కూ మొహం తెలీని కస్టమర్ల కోసం మాత్రం చుక్క పెట్టాను.

ఆ రాత్రి అమ్మకి పంపాను:

అమ్మా, దసరాకు వస్తున్నా. బస్సు దొరికింది. రాత్రికి అన్నం పెట్టి ఉంచు ★

ఖాళీలతో, చుక్కతో కలిపి సరిగ్గా 70. లెక్కపెట్టి మరీ రాశాను.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"చదివిన బిడ్డా. నేనే చదివిన." కాసేపు ఏం మాట్లాడలేదు. "అన్నం సరే గని, ఆఖర్ల గా సుక్క ఏంది?"

"ఏం లేదమ్మా, ఒక్కదానికి జాగ మిగిలింది, పెట్టిన."