గడి లేని టీకా

ప్రభుత్వం ఇవ్వదు, బజారు వేళకు తెచ్చిపెట్టదు. ఈ రెంటి మధ్య పసిబిడ్డకు ఫ్లూ టీకా వేయించడం తల్లిదండ్రులకు పరీక్షగా మారింది.

ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ప్రతి టీకాకూ ఒక గడి ఉంటుంది. పుట్టగానే బీసీజీ, ఆరు వారాలకు పెంటావాలెంట్, తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా. గడిలో తేదీ పడితే తల్లికి నిశ్చింత. పడకపోతే ఆశా కార్యకర్త వచ్చి తలుపు తడుతుంది. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం ఏటా సుమారు 2.5 కోట్ల మంది పసికందుల కోసం పనిచేస్తోంది. దాని బలమంతా ఆ గడుల్లోనే ఉంది. ఫ్లూ టీకాకు మాత్రం అందులో గడి లేదు. కాబట్టి దాని కోసం ఎవరూ తలుపు తట్టరు, తల్లిదండ్రులే పది తలుపులు తట్టాలి.

హైదరాబాద్‌లోని కూకట్‌పల్లిలో ఉండే ఒక దంపతులకు ఈ సంగతి నిరుడు మే నెలలో తెలిసింది. ఆమె బ్యాంకు ఉద్యోగి, ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బాబుకు ఎనిమిదో నెల. పిల్లల డాక్టరు చీటీ మీద ఫ్లూ టీకా అని రాసి, "నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. వానలు పడేలోగా వేయించండి" అన్నారు. తమ క్లినిక్‌లో మాత్రం పాత స్టాక్ అయిపోయిందని, కొత్తది ఎప్పుడొస్తుందో చెప్పలేమని ఆ పక్కనే కూర్చున్న నర్సు చెప్పింది.

బాబును చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మకు ఈ హడావుడి విడ్డూరంగా తోచింది. "జలుబుకు కూడా సూదేమిటే? మీకు శొంఠి కషాయంతోనే తగ్గలేదూ?" అని కూతుర్ని నిలదీసింది. ఆమె ప్రశ్నలో అర్థం లేకపోలేదు. చాలామందికి ఫ్లూ వారం రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. అయితే అయిదేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా రెండేళ్లలోపు వారిలో అది న్యుమోనియాకు దారితీసే ప్రమాదం ఎక్కువ. ఆరు నెలలు నిండని బిడ్డకు ఈ టీకా వేయరు. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటేనే ఆ బిడ్డకు కొంత రక్షణ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో గర్భిణులతో పాటు ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలనూ ప్రాధాన్య వర్గాల్లో చేర్చింది. ఆ వయసు పిల్లలకు ఏటా ఈ టీకా వేయించాలని భారతీయ పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది.

చెప్పడం వేరు, దొరకడం వేరు. బుధ, శనివారాల్లో టీకాలు వేసే పట్టణ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ "అది మాకు రాదమ్మా" అని ఒక్క మాటలో తేల్చేసింది. మొదటి మందుల షాపులో ఆ పేరే వినలేదన్నారు. రెండో షాపులో ముందుగా డబ్బు కడితే తెప్పిస్తామన్నారు. మూడో షాపులో ఒక్క సిరంజి ఉంది కానీ దాని గడువు నెలాఖరుకు ముగుస్తుంది. చివరకు తండ్రి ఇంకోచోట కొత్త టీకా సంపాదించి, ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో ఇంటి దగ్గరి నర్సింగ్ హోంకు తీసుకెళితే, "బయట కొన్నది మేం వేయం" అన్నారు. అక్కడి డాక్టరునూ తప్పుపట్టలేం. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కితే శక్తి తగ్గుతుంది, గడ్డకడితే పారేయాల్సిందే. మందుల షాపు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిన డబ్బాలో ఏం జరిగిందో ఎవరు హామీ ఇస్తారు?

ఇంత అయోమయానికి మూలం ఈ టీకా స్వభావంలోనే ఉంది. ఫ్లూ వైరస్ తరచూ రూపు మార్చుకుంటుంది. టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు సూచిస్తుంది. ఉత్తరార్ధ గోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధ గోళానికి సెప్టెంబర్‌లో. భారతదేశం ఉన్నది ఉత్తరార్ధ గోళంలోనే అయినా, ఇక్కడ చాలా ప్రాంతాల్లో ఫ్లూ విజృంభించేది వానాకాలంలో. కాశ్మీర్‌లో చలికాలంలో, తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వేళ. అందుకే దేశంలో ఎక్కువ భాగానికి దక్షిణార్ధ గోళపు టీకాయే కాలానికి సరిపోతుంది, అదీ వానలకు ముందు వేస్తేనే. మిగిలిపోయిన టీకా మరుసటి ఏడాదికి పనికిరాదు. కాబట్టి క్లినిక్‌లు, షాపులు అడిగేవారు ఉంటేనే తెప్పిస్తాయి. అడిగేవారు వచ్చేదేమో ఊళ్లో జ్వరాలు మొదలయ్యాక.

భయం వెంట పరిగెత్తడం మనకు కొత్త కాదు. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. ఆగస్టులో పుణెలో తొలి మరణం తర్వాత మాస్కుల కోసం జనం ఎగబడ్డారు. దేశీయ కంపెనీల టీకాలు 2010 జూన్, జూలై నెలల్లో మార్కెట్లోకి వచ్చాయి. ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా వచ్చేసరికి భయం వెళ్లిపోయింది. 2015లో హెచ్1ఎన్1 మళ్లీ విరుచుకుపడి, ప్రభుత్వ లెక్కల ప్రకారమే 42 వేల మందికి పైగా సోకి, దాదాపు మూడు వేల మందిని బలిగొంది. అప్పుడు మళ్లీ టీకా కోసం వేట.

కూకట్‌పల్లి దంపతులకు మొదటి డోసు జూన్ రెండో వారంలో ఒక పెద్ద ఆస్పత్రిలో దొరికింది. ఈ టీకా ఒక్కో డోసు సాధారణంగా రూ. 1,500 నుంచి రూ. 2,000 దాకా ఉంటుంది. డాక్టరు ఫీజు అదనం. అసలు చిక్కు రెండో డోసుతో వచ్చింది. నాలుగు వారాలు నిండేనాటికి బాబుకు గట్టి జ్వరం. అది తగ్గాక వెళితే ఆస్పత్రిలో స్టాక్ లేదు. మొదటి డోసు వృథా అయినట్లేనా అని తల్లి కంగారుపడింది. ఆలస్యమైనా రెండోది వేయించవచ్చని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదని డాక్టరు ధైర్యం చెప్పారు. అయితే రెండో సూది పడి రెండు వారాలు గడిస్తే గానీ రక్షణ పూర్తిగా ఏర్పడదు. ఆ లెక్కన బాబుకు ఆ రక్షణ వచ్చేసరికి ఆగస్టు సగం దాటింది. అప్పటికే వీధిలో సగం ఇళ్లలో దగ్గులు.

ఆ ఇంట్లో పనిచేసే మనిషికీ పది నెలల కూతురుంది. బస్తీలో నర్సమ్మ వేసిన టీకాలన్నీ కార్డులో తేదీలతో సహా ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు. యజమానురాలు ఫోన్లలో పడుతున్న తిప్పలు విని, "ఈ సూది గురించి మాకెవరూ చెప్పలేదమ్మా, ఎంతవుతుంది?" అని అడిగింది. ధర విన్నాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఒకరికి టీకా దొరకడం కష్టమైంది. మరొకరికి దొరకనిదేమిటో కూడా అప్పటిదాకా తెలియదు. పేపర్లకెక్కేది మొదటి కష్టమే. రెండోది ఏ లెక్కలోకీ రాదు.

ఫ్లూ టీకాను ఉచిత జాబితాలో చేర్చడం తేలికేమీ కాదు. ఏటా వేయాలి, ఏటా కొత్తది కొనాలి. వైరస్‌తో బాగా కుదిరిన ఏడాదిలో కూడా దాని ఫలితం సాధారణంగా 40 నుంచి 60 శాతమే. అంతకన్నా ముందు ఖర్చు పెట్టాల్సినవి ఉన్నాయని ప్రభుత్వం అంటే అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. కానీ రోటావైరస్ టీకా కూడా ఒకప్పుడు ప్రైవేటు క్లినిక్‌లకు వెళ్లగలిగిన వారిదే. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలై, తర్వాత దేశమంతటికీ అందింది. న్యుమోకోకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటా విస్తరించింది. రెండూ ఖరీదైనవే, రెంటికీ ఇప్పుడు కార్డులో గడులున్నాయి.

అందరికీ ఒకేసారి ఇవ్వలేకపోతే ఆస్తమా, గుండె జబ్బులున్న పసిపిల్లలతో, గర్భిణులతో మొదలుపెట్టవచ్చు. ఏప్రిల్‌లోనే టీకా ఎక్కడ దొరుకుతుందో ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయవచ్చు. కనీసం ఇలాంటిది ఒకటుందని నర్సమ్మ చేత చెప్పించవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. వానలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు. జూన్ వచ్చేస్తుంది.