తోడు గిన్నెలో ఇంత కథా!

వారం రోజులుగా నాకు ఇదే ధ్యాస. రాత్రి పాలకు తోడు వేస్తూ చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోతున్నాను. ఆ కాస్త పెరుగులో కోట్ల కొద్దీ బాక్టీరియా! వాటికి తల్లీతండ్రీ అంటూ ఇద్దరుండరు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. బళ్లో చదివినప్పటి నుంచీ అవన్నీ ఒకే అచ్చులోంచి తీసిన బొమ్మలనే అనుకున్నాను. మరి మందుకు లొంగని క్రిమి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను, ఇక నిద్ర లేదు.

1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా క్రిముల మీద పనిచేస్తున్నాడు. ఒంటి చుట్టూ తొడుగున్న రకం ఎలుకల్ని చంపుతుంది, తొడుగు లేనిది ఏమీ చేయదు. తొడుగున్నవాటిని వేడితో చంపి ఎక్కిస్తే ఎలుకలకు ఏమీ కాలేదు. సరే, ఆ చచ్చినవాటిని బతికున్న సాధు రకంతో కలిపి ఎక్కించాడు. ఎలుకలు చచ్చాయి! రక్తం తీసి చూస్తే తొడుగున్న క్రిములు, అదీ ప్రాణాలతో! చచ్చినవాటి జన్యువును బతికున్నవి అందుకుని తొడుగు కట్టుకున్నాయన్నమాట. అలా అందుకున్నది డీఎన్ఏ అని 1944లో న్యూయార్క్‌లో ఏవరీ, మెక్లియడ్, మెకార్టీ తేల్చారు. మనకు తాత ముక్కు రావాలంటే ఆ తాతకు మనవలమై పుట్టాలి. వీటికి ఆ చుట్టరికంతో పనే లేదు!

ఇక జన్యువుల్లో దొర్లే రాతతప్పుల సంగతి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై జన్యుగ్రంథంలో దాదాపు 46 లక్షల అక్షరాలు. విభజన చెందే ప్రతిసారీ అదంతా తిరగరాసుకోవాలి. అయినా వెయ్యి విభజనలకు ఏ ఒకటో రెండో తప్పు దొర్లుతుందట. ఏ లేఖకుడికి సాధ్యం! కానీ కోట్ల సంఖ్యలో పెరిగేవాటికి ఆ తప్పులే చాలు, ఉత్పరివర్తనాలు పోగుపడతాయి.

అయితే ఆ మార్పు మందు తగిలాక వస్తుందా, ముందే ఉంటుందా? లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు 1943లోనే, మందుతో కాకుండా బాక్టీరియాను చంపే వైరస్‌తో చూసి, లెక్కలు కట్టి ముందే ఉంటుందన్నారు. నా మనసు దోచింది మాత్రం మఖమలు గుడ్డ. 1952లో విస్కాన్సిన్‌లో ఎస్తర్ లెడర్‌బర్గ్, ఆమె భర్త జాషువా చేసిన ప్రయోగమది. గుండ్రటి దిమ్మెకు శుభ్రమైన మఖమలు బిగించి, బాక్టీరియా పెరిగిన పళ్లెం మీద మెల్లగా అద్దారు. గుడ్డ మీది సన్నటి నూగుకు క్రిములు అంటుకున్నాయి. ఆ గుడ్డనే స్ట్రెప్టోమైసిన్ అనే మందు కలిపిన పళ్లేల మీద ఒకదాని తర్వాత ఒకటిగా అద్దారు. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఏ పువ్వు ఎక్కడుండాలో అక్కడే పడుతుంది. మందును తట్టుకున్న క్రిముల చుక్కలు అన్ని పళ్లేల్లోనూ ఒకే చోట మొలిచాయి! మందు చుక్కైనా తగలని మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోటి నుంచి తీసి పెంచుతూ పోతే, అక్కడా మందుకు లొంగనివే దొరికాయి. అంటే మందు వాటిని పుట్టించలేదు, ఉన్నవాటిని ఏరింది, అంతే. ఒక గుడ్డముక్కతో ఎంత పెద్ద సంగతి తేల్చారు! ఎస్తర్ పేరు ఇన్నాళ్లూ వినకపోయినందుకు నిజంగా బాధేసింది.

ఈ జాషువానే 1946లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, టేటమ్‌తో కలిసి బాక్టీరియాలు జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయని చూపించాడు. ఒకదానికొకటి తగులుకుని, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం నకలును పక్కదానికి అందిస్తాయి. పక్కది తన జాతిదే కానక్కర్లేదు! 1950లలో జపాన్‌లో జిగట విరేచనాల క్రిమి ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగకుండా పోయింది. వెతికితే ఆ శక్తి ఈ.కోలై నుంచి కూడా దానికి అందగలదని తేలింది.

నిన్న రాత్రి చదివింది చెప్పకుండా ఉండలేను. పాలను తోడుపెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ రకాలు చాలావాటిలో, పాలలోని చక్కెరను అరిగించుకునే జన్యువులు ఉండేది ప్లాస్మిడ్ మీదేనట! ఆ వలయం జారిపోతే వాటికి పాలు అరగవు. పక్కదాన్నుంచి అందితే మళ్లీ అరుగుతాయి. గిన్నె మీద మూత పెట్టాను. మళ్లీ తీసి చూశాను. గోరువెచ్చటి పాలు, మధ్యలో తెల్లగా కాస్త తోడు.