రెండో ఎంపికగా కౌ ట్యాగ్

కొలరాడోలో వేట దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. ఆ రోజుల్లో ఎల్క్ అనే పెద్ద జింకల వేటగాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే చర్చ: బుల్‌కు (మగదానికి) పెట్టాలా, కౌకు (ఆడదానికి) పెట్టాలా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైన భారతదేశం నుంచి వెళ్లినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. కొలరాడోలో ఏ ప్రాంతంలో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని వేటాడవచ్చో ప్రభుత్వమే ఏటేటా తేల్చి అనుమతులు పంచుతుంది. ఆ అనుమతే ట్యాగ్.

బుల్ మీద మోజు సహజం. సెప్టెంబరులో, జతకట్టే కాలంలో, తెల్లవారుజామున ఆస్పెన్ చెట్ల వెనక నుంచి మగ ఎల్క్ కేక సన్నని ఈలలా లేచి లోయంతా నిండుతుంది. అది విన్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. ట్యాగ్ వంతును తేల్చే ప్రిఫరెన్స్ పాయింటు ఏడాదికి ఒక్కటే వస్తుంది. పేరున్న కొన్ని యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) బుల్ ట్యాగ్‌కు ఇరవైకి పైగా కావాలి. యౌవనంలో మొదలుపెట్టినవాళ్లకు నడివయసులో గానీ వంతు రాదు!

మందను అదుపులో ఉంచేది మాత్రం కౌ ట్యాగే. ఒక్క మగది ఎన్నో ఆడవాటితో జతకడుతుంది కాబట్టి కొన్ని మగవి తగ్గినా పుట్టే దూడల సంఖ్య పెద్దగా మారదు. మంద పెరిగిందా, చలికాలపు మేత చాలదు. ఎల్క్‌లు కంచెలు దాటి రైతుల గడ్డివాముల మీద పడతాయి.

ఇందులో మనసుకు కష్టమైన సంగతి ఒకటుంది. నవంబరులో పడిన కౌ కడుపులో చాలాసార్లు పిండం ఉంటుంది, జూన్ నాటికి దూడ కావలసింది. అది తెలిసే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. ఆ బరువు మోయలేనివాళ్లు ఆ ట్యాగ్ కోరకూడదు. నేను మాత్రం కౌ వైపే. జతకట్టే కాలమంతా పోట్లాడి చిక్కిన ముసలి బుల్ కన్నా కౌ మాంసం మెత్తన, ఇల్లంతా చలికాలం తింటుంది. తినదగిన మాంసాన్ని కొండమీద వదిలేస్తే చట్టరీత్యా నేరం. కొమ్ములకు ఆ నియమం లేదు. చట్టం దేన్ని ముఖ్యమనుకుందో ఇక్కడే తెలుస్తుంది.

పైగా ఇప్పటి నిబంధనల్లో పాయింట్లు ఖర్చయ్యేది దరఖాస్తులో రాసే మొదటి ఎంపికకే. కొత్తగా దరఖాస్తు పెట్టేవారికి నా మాట: మొదటి ఎంపికలో పాయింటు మాత్రమే కోరండి, రెండో ఎంపికలో కౌ ట్యాగ్ రాయండి. బుల్ వంతు వచ్చేలోపు కొండలు తెలుస్తాయి, ఇంట్లో మాంసమూ ఉంటుంది.